క్లచ్ పెడల్ లేని బండిలో క్లచ్ ఎక్కడ ఉంటుంది?

(బరువులు లాగే డీజిల్ పికప్ ట్రక్కులలో ఆటోమేటిక్ గేరుబాక్సుల మన్నిక – ఒక పరిశీలన)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా చదువుకు పనికొచ్చే వ్యాసం రాయమని వార్డెన్ సార్ అడిగినప్పుడు మాకు ముందుగా గుర్తుకు వచ్చింది మేము తప్పు చెప్పిన ఒక జవాబు. అందుకే ఆ ప్రశ్ననే ఈ వ్యాసానికి పేరుగా పెట్టాము.

గత సంవత్సరం మా బ్యాచ్‌లో ముగ్గురం ఒక ఉద్యోగ ఇంటర్వ్యూకు వెళ్లాము. క్లచ్ పెడల్ లేని బండిలో క్లచ్ ఎక్కడ ఉంటుందని లోపల మమ్మల్ని అడిగారు. పెడల్ లేనప్పుడు క్లచ్ ఎందుకుంటుంది సార్, ఉండదు అన్నాము. ముగ్గురం విడివిడిగా వెళ్లి ఇదే జవాబు చెప్పి వచ్చాము. ముగ్గురికీ ఉద్యోగం రాలేదు. ఇంటికి వెళ్లి నాన్నకు చెబితే ఆయన ఒకటే మాట అన్నాడు: "పెడల్ లేకపోతే బరువు పోతుందేంట్రా? ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి రాసుకోవాల్సిందే కదా."

మా నాన్న ఐదో తరగతితో ఆగిపోయి ట్రాక్టరు డ్రైవరు అయ్యాడు. మా ఇంట్లో డిగ్రీ పుచ్చుకున్న మొదటివాళ్లం మేమే. అయినా ఆ రోజు సరైన జవాబు ఆయనదే. ఆటోమేటిక్ గేరుబాక్సులో క్లచ్ లేకపోవడం కాదు, ఒకటికి బదులు ఐదారు ఉంటాయి. వాటి కథ బాగా తెలియాలంటే అమెరికాలో బరువైన ట్రైలర్లను లాగే డీజిల్ పికప్ ట్రక్కుల గురించి చదవాలి. ఎందుకంటే యంత్రం సత్తా తేలికైన ప్రయాణంలో తెలియదు, బరువు మీద పడ్డప్పుడే తెలుస్తుంది.

1. లోపల ఏముంటుంది?

మన దగ్గర తిరిగే చిన్న ట్రక్కులలో ఎక్కువ భాగం చేత్తో గేర్లు మార్చేవే. ఇంజనుకు, గేరుబాక్సుకు మధ్య ఒక క్లచ్ ప్లేటు ఉంటుంది. ఆటోమేటిక్‌లో ఆ స్థానంలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇది నూనెతో నిండిన గుండ్రటి డబ్బా. దీనికి మూలమైన సూత్రానికి 1905లో జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ పేటెంటు తీసుకున్నారు.

మన వంటశాలలో సాంబారు డేగిసా గుర్తు తెచ్చుకోండి. ఒక గరిటెతో గిరగిరా తిప్పితే పక్కన నిలబెట్టిన రెండో గరిటె కూడా తాకకుండానే కదులుతుంది. కన్వర్టర్‌లోనూ అంతే. ఇంజనుతో పాటు తిరిగే రెక్కల చక్రం పేరు ఇంపెల్లర్. నూనె విసురుకు తిరిగే ఎదురు చక్రం టర్బైన్. ఈ రెంటి మధ్య నూనెను తగిన కోణంలో వెనక్కు మళ్లించేది స్టేటర్. బండి కదిలే క్షణంలో స్టేటర్ వల్ల తిప్పే బలం, అనగా టార్క్, సుమారు రెండింతల వరకు పెరుగుతుంది. నిలబడ్డ బరువును కదిలించడానికి ఇది గొప్ప వరం.

అయితే ఈ వరానికి ఖరీదు ఉంది. ఇంపెల్లర్ కంటే టర్బైన్ నెమ్మదిగా తిరుగుతుంది. ఈ తేడాను జారుడు అంటాము. జారుడులో పోయిన శక్తి అంతా నూనెలో వేడిగా మారుతుంది. అందుకే వేగం అందుకున్న తరువాత రెండు చక్రాలను కలిపి బిగించే లాకప్ క్లచ్ పెట్టారు. దాని వెనుక ప్లానెటరీ గేర్లు ఉంటాయి. సూర్యుని చుట్టూ గ్రహాలు తిరిగినట్టు మధ్య గేరు చుట్టూ చిన్న గేర్లు తిరుగుతాయి. వీటిలో ఏది ఆగాలో, ఏది తిరగాలో నిర్ణయించేవి నూనె ఒత్తిడితో బిగుసుకునే క్లచ్‌లు, బ్యాండ్‌లు. మేము "ఉండదు" అన్న క్లచ్‌లు ఇవే.

2. డీజిల్ అయితే ఎందుకు ఎక్కువ కష్టం?

ఒక చిన్న లెక్క చేద్దాం. శక్తి అంటే టార్క్‌ను తిరిగే వేగంతో గుణించగా వచ్చేది. 120 కిలోవాట్ల శక్తిని ఒక పెట్రోల్ ఇంజను నిమిషానికి 3,600 చుట్ల వద్ద ఇస్తే టార్క్ సుమారు 318 న్యూటన్ మీటర్లు. అదే శక్తిని డీజిల్ ఇంజను 1,600 చుట్ల వద్దే ఇస్తే టార్క్ సుమారు 716 న్యూటన్ మీటర్లు. శక్తి సమానమే, కాని గేరుబాక్సు మోసే టార్క్ రెండింతల పైన.

క్లచ్ ఎంత టార్క్‌ను జారకుండా మోయగలదు? ఘర్షణ గుణకం, నొక్కే బలం, సగటు వ్యాసార్ధం, రాసుకునే ముఖాల సంఖ్య, ఈ నాలుగింటి లబ్ధమే దాని హద్దు. టార్క్ పెరిగినప్పుడు ఈ నాలుగింటిలో ఏదో ఒకటి పెరగాలి. ఏదీ పెరగకపోతే క్లచ్ జారుతుంది. జారితే వేడి పుడుతుంది. వేడికి ప్లేటు కాలుతుంది. కాలిన ప్లేటు మరింత జారుతుంది. రోగం అంతా ఈ చక్రంలోనే ఉంది.

3. వేడి లెక్క

ట్రక్కు, ట్రైలరు కలిపి 9,000 కిలోలు అనుకుందాం. వంద మీటర్లకు ఆరు మీటర్లు లేచే ఘాటును గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతోంది. బరువును పైకి లాగడానికే 9,000 × 9.8 × 0.06 = సుమారు 5,290 న్యూటన్ల బలం కావాలి. దీన్ని సెకనుకు 16.7 మీటర్ల వేగంతో గుణిస్తే 88 కిలోవాట్లు. గాలి, టైర్ల నిరోధం కూడా కలుపుకొని ఇంజను 120 కిలోవాట్లు ఇస్తోందనుకుందాం.

లాకప్ క్లచ్ బిగియకుండా కన్వర్టర్ పది శాతం జారితే 12 కిలోవాట్లు నూనెలోకి వేడిగా పోతాయి. చలికాలంలో మనం బకెట్‌లో వేసుకునే ఒకటిన్నర కిలోవాట్ల హీటర్ రాడ్లు ఎనిమిది ఒకేసారి నూనెలో ముంచినట్టు! గేరుబాక్సులో పది కిలోల నూనె ఉండి, కూలర్ అసలు పనిచేయకపోతే, ఆ నూనె సెకనుకు 0.6 డిగ్రీల చొప్పున, నిమిషానికి 36 డిగ్రీలు వేడెక్కుతుంది. నిజంలో కొంత వేడిని ఇనుము, అల్యూమినియం భాగాలు పీల్చుకుంటాయి, మిగిలినదాన్ని కూలర్ బయటికి పంపాలి. కాబట్టి కూలర్ అలంకారం కాదు, గేరుబాక్సుకు ఊపిరితిత్తి.

నూనె విషయంలో మెకానిక్కులు వాడే ఒక స్థూల నియమం ఉంది. సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దాటాక ప్రతి పది డిగ్రీలకు నూనె ఆయుష్షు సగమవుతుంది. ఆ ప్రకారం 120 డిగ్రీల వద్ద నూనె బ్రతికేది పదహారో వంతు కాలమే. నూనె చెడితే సీళ్లు గట్టిపడతాయి, సీళ్లు గట్టిపడితే ఒత్తిడి కారిపోతుంది, ఒత్తిడి తగ్గితే క్లచ్ జారుతుంది. మళ్లీ అదే చక్రం.

4. చరిత్ర చెప్పే పాఠం

1989 మోడల్ డాడ్జ్ రామ్ పికప్‌లో 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజను వచ్చింది. దాని టార్క్ 542 న్యూటన్ మీటర్లు. దానికి జతచేసిన మూడు గేర్ల ఆటోమేటిక్ 1960ల నాటి పెట్రోల్ బండ్ల కుటుంబానికి చెందినది. తరువాత నాలుగో గేరు కలిపారు గాని వంశం అదే. ఇంజను మాత్రం ఏటేటా బలపడింది. 2001 మోడల్ నాటికి 685 న్యూటన్ మీటర్ల బలమైన ఇంజనును ఆరు గేర్ల మాన్యువల్‌తోనే ఇచ్చారు. ఆటోమేటిక్ కొన్నవారికి 624 న్యూటన్ మీటర్ల ఇంజనే దక్కింది. గేరుబాక్సును కాపాడటానికి ఇంజను చెయ్యి కట్టేశారన్నమాట.

అదే 2001లో జనరల్ మోటార్స్ వారు డ్యూరామాక్స్ డీజిల్‌తో ఆలిసన్ 1000 అనే ఐదు గేర్ల ఆటోమేటిక్‌ను ఇచ్చారు. ఆలిసన్ వారికి అప్పటికే బస్సుల, పెద్ద ట్రక్కుల ఆటోమేటిక్‌లలో అనుభవం ఉంది. అంటే కారు గేరుబాక్సును పెద్దది చేయలేదు, ట్రక్కు గేరుబాక్సును చిన్నది చేశారు. లోపల క్లచ్ జారుతోందని సెన్సార్లు పసిగడితే అది తనను తాను కాపాడుకోవడానికి గేర్లు మార్చడం పరిమితం చేసుకుంటుంది. ఇంజనుకు చిప్‌లు పెట్టి శక్తి పెంచుకున్న యజమానులలో చాలామందికి ఇది అనుభవమే. 2003లో ఫోర్డ్ వారు కూడా టార్క్‌షిఫ్ట్ అనే ఐదు గేర్ల కొత్త ఆటోమేటిక్ తెచ్చారు.

2013 నాటికి కథ తిరగబడింది. ఆ ఏటి రామ్ ట్రక్కులలో ఐసిన్ ఆటోమేటిక్‌తో వచ్చే ఇంజనుకు 1,152 న్యూటన్ మీటర్లు ఇచ్చి, మాన్యువల్‌తో వచ్చేదాన్ని 895 వద్ద ఆపారు. 2018 మోడల్ తరువాత ఆ డీజిల్ ట్రక్కులలో మాన్యువల్ లేకుండా పోయింది. 2025 మోడల్‌లో ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ సుమారు 1,458 న్యూటన్ మీటర్లు మోస్తోంది. 1989తో పోలిస్తే రెండున్నర రెట్ల పైన.

ఈ మార్పు మంత్రంతో రాలేదు. గేర్ల సంఖ్య పెరిగింది, లాకప్ తక్కువ గేర్లలోనే బిగుస్తోంది, నూనె ఒత్తిడిని కంప్యూటర్ బరువును బట్టి పెంచుతోంది, గేరు మారే క్షణంలో ఇంజను టార్క్‌ను కొద్దిగా తగ్గిస్తోంది, కూలర్లు పెద్దవయ్యాయి. నాలుగు అంశాల లబ్ధం అన్నాము కదా, వాటినే ఒక్కొక్కటిగా బాగుచేశారు.

5. పరీక్ష ఎక్కడ?

ఒకప్పుడు ఎంత బరువు లాగగలదో ప్రతి కంపెనీ తన ఇష్టప్రకారం ప్రకటించుకునేది. ఆ తరువాత ఎస్‌ఏఈ సంస్థ జె2807 అనే ఉమ్మడి ప్రమాణం రూపొందించింది. అందులోని ఒక పరీక్ష అరిజోనా రాష్ట్రంలోని డేవిస్ డ్యామ్ ఘాటు. సుమారు 18 కిలోమీటర్లలో 900 మీటర్ల ఎత్తు లేచే ఆ దారిని, 38 డిగ్రీల ఎండలో, ఏసీ పూర్తిగా వేసి, ప్రకటించిన బరువుతో ఎక్కాలి. మామూలు పికప్ గంటకు 64 కిలోమీటర్ల కంటే తగ్గకూడదు. మనం పైన చేసిన లెక్కను రోడ్డు మీద చేసి చూడటమే ఇది.

6. నడిపేవారి వంతు

ఎంత మంచి గేరుబాక్సు అయినా నడక బట్టే మన్నుతుంది. ట్రైలరు తగిలించినప్పుడు టో-హాల్ అనే మీట నొక్కాలి. దానివల్ల గేర్లు మాటిమాటికీ మారవు, దిగేటప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. నూనె వేడి చూపే మీటరు మీద కన్ను వేయాలి. బాగా వేడెక్కితే పక్కకు ఆపి, పార్క్‌లో పెట్టి ఇంజను నడుస్తుండనివ్వాలి, పంపు నూనెను కూలర్‌లో తిప్పుతుంది. బరువు లాగే బండికి నూనె తొందరగా మార్చాలి. నూనె రంగు ఒక్కటి చూసి మోసపోకూడదు, మాడిన వాసన, అడుగున చేరిన పొడి అసలు సాక్ష్యాలు. ఘాటు దిగేటప్పుడు "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు" అని మా నాన్న అంటాడు. టో-హాల్ మీట చేసేది సుమారుగా అదే.

7. తప్పు ఎవరిది?

ఈ పాఠం మేము ఎందుకు ఇంత పట్టుదలగా చదివామో చెప్పి ముగిస్తాము. మేము ఈ హాస్టలులో తొమ్మిదో తరగతి చదువుతున్న రోజుల్లో నాన్న నడిపే ట్రాక్టరు క్లచ్ కాలిపోయింది. రెండు వేల ఇటుకల ట్రాలీలో యజమాని మూడు వేలు వేయించాడు. కాలువ గట్టు ఎక్కించేటప్పుడు పొగ వచ్చింది. నీకు నడపడం రాదంటూ యజమాని క్లచ్ ఖర్చును మూడు నెలల జీతంలో కోసుకున్నాడు. నాన్న ఎదురు మాట్లాడలేదు. ఆ మూడు నెలలు సెలవులకు ఇంటికి రావద్దని, హాస్టలులోనే ఉండమని కబురు పెట్టాడు. అన్నం అక్కడ దొరుకుతుందని.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఇటుక మూడు కిలోలు, ట్రాక్టరు, ట్రాలీ కలిపి మూడున్నర టన్నులు అనుకుంటే రెండు వేల ఇటుకలతో మొత్తం తొమ్మిదిన్నర టన్నులు. మూడు వేలతో పన్నెండున్నర. గట్టు ఎక్కడానికి కావలసిన బలం దాదాపు మూడో వంతు పెరిగింది. క్లచ్ స్ప్రింగులు నొక్కే బలం మాత్రం పెరగలేదు. బండి కదలడానికి మిగిలే అదనపు టార్క్ తగ్గింది కాబట్టి ప్లేటు ఎక్కువసేపు జారింది, ఎక్కువ వేడి పుట్టింది. నాన్న హాఫ్ క్లచ్‌లో పట్టి ఎక్కించిన మాట నిజమే, ఆయనే ఒప్పుకుంటాడు. కాని ఆ బరువుతో, ఆ గట్టు మీద, ఆగిన చోటు నుంచి కదలాలంటే వేరే దారి లేదు. కాల్చింది కాలు కాదు, వెయ్యి ఇటుకలు.

ఈ లెక్కను మేము కాగితం మీద వేసి నాన్నకు చూపించాము. ఆయన అంకెలు చదవలేదు. చివరి గీత కింద ఏముందని మాత్రం అడిగాడు. "తప్పు నీది కాదు నాన్నా" అని చెప్పాము. కాసేపు ఊరుకొని, "అప్పుడే తెలుసు నాకు, చెప్పడం రాలేదు" అన్నాడు.

తమ్ముళ్లూ, మన ఇళ్లలో తెలిసినవాళ్లకు కొదువ లేదు. తెలిసినదాన్ని లెక్కగా చెప్పగలవాళ్లే కరువు. మన చదువు ఆ పనికి రావాలి.

అభ్యాసానికి ప్రశ్నలు

1. పై ఉదాహరణలో జారుడు పది శాతానికి బదులు నాలుగు శాతమైతే ఎన్ని హీటర్ రాడ్ల వేడి పుడుతుంది?
2. లాకప్ క్లచ్ బిగిస్తే ఇంధనం కూడా ఎందుకు ఆదా అవుతుంది?
3. మీ ఊళ్లో లారీ, ట్రాక్టరు లేదా ఆటో నడిపేవారిని ఒకరిని అడిగి, క్లచ్ ఎప్పుడు, ఎక్కడ, ఎంత బరువుతో కాలిందో రాసుకోండి. తప్పు ఎవరిదో లెక్క వేయండి.

జవాబులు రాసినవారు వార్షికోత్సవం రోజు మాకు చూపించండి. ఆ సాయంత్రం మేము హాస్టలులోనే ఉంటాము. ఇంటర్వ్యూలకు వెళ్లబోయేవారు మాత్రం పై పేరులోని ప్రశ్నకు జవాబు మరచిపోవద్దు.