ఆరోగ్య ప్రశ్నోత్తరములు: రక్తములోని మాంసకృత్తులు

ప్రశ్న: సీరం ప్రోటీన్ పరీక్షకు పరగడుపున పోవలెనా? (ఏలూరు)

జవాబు: అక్కరలేదు. జబ్బకు కట్టిన రబ్బరు పట్టీని మాత్రము చాలసేపు బిగించి ఉంచనీయకుడు. రక్తము చిక్కబడి అంకె హెచ్చుగా కనిపించును.

ప్రశ్న: నా వయస్సు 34. ఏ బాధయు లేకున్నను ప్యాకేజీ పరీక్షలు చేయించుకొంటిని. ఆల్బుమిన్ 4.1, గ్లోబ్యులిన్ 3.7; నిష్పత్తి 1.1 అని దళసరి అక్షరములతో అచ్చువేసిరి. ఇంటర్నెట్టులో చూడగా మైలోమా అను రక్తపు క్యాన్సరు కావచ్చునని ఉన్నది. నిద్ర పట్టుట లేదు. ప్రోటీన్ పొడి మొదలుపెట్టితిని. (వరంగల్)

జవాబు: ఏ బాధయు లేదని వ్రాసిన చేతితోనే నిద్ర పట్టుట లేదనియు వ్రాసితిరి, ఈ రెండింటి నడుమ జరిగినది ఆ ప్యాకేజీ ఒక్కటియే గదా! కాలేయములో తయారగు ఆల్బుమిన్ డెసీలీటరునకు 3.5 మొదలు 5 గ్రాముల వరకు ఉండుట సహజము. మీకు లోటు లేదు. ఇక గ్లోబ్యులిన్ అనునది, మొత్తము మాంసకృత్తులనుండి ఆల్బుమినును తీసివేయగా మిగిలిన శేషమే గాని సాధారణముగా నేరుగా కొలిచినది కాదు గనుక, రెండు కొలతలలోని చిన్న చిన్న హెచ్చుతగ్గులన్నియు వచ్చి ఆ నిష్పత్తిమీదనే పడును. మైలోమాను శంకించిన వైద్యుడు, స్వీడన్ శాస్త్రజ్ఞుడు టిసేలియస్ తీర్చిదిద్ది 1948లో నోబెల్ బహుమానమందిన ఎలక్ట్రోఫోరెసిస్ మార్గమున మాంసకృత్తులను విడదీయించి, గామా భాగమున సన్నని శిఖరమొకటి నిటారుగా లేచినదా యని చూచును. ఎముకల నొప్పి, రక్తహీనత, మూత్రపిండముల చెరుపు తోడున్నవా యని విచారించును. మీరో, ఫోను నడిగితిరి! కాగితమును మీ వైద్యునకు ఒకసారి చూపుడు. పొడి డబ్బా కట్టిపెట్టి పప్పన్నము తినుడు. రాయితీ ప్రకటన చూచి నెత్తురిచ్చు అలవాటు మానుడు.

ప్రశ్న: మా నాన్నగారికి ఆల్బుమిన్ 2.3. రోజునకు ఎన్ని గుడ్లు పెట్టవలెను? పాదములు వాచి చెప్పులు పట్టుట లేదు. (మచిలీపట్నం, ఒక కుమార్తె)

జవాబు: అమ్మా, గుడ్ల లెక్క తరువాత. చెప్పుల మాట చివర వ్రాసితివి. మొదట వ్రాయదగినది అదియే. రక్తనాళములలో నీటిని నిలుపు పని ముఖ్యముగా ఆల్బుమినుది. అది తరిగినచో నీరు వెలికి ఊరి పాదములకు దిగును. మూత్రము నురగలతో వచ్చుచున్నదేమో చూడుము. ఆల్బుమిన్ ఆ దారిని పోవుచున్నచో ఎన్ని గుడ్లు పెట్టినను పూడదు. కాలేయమే చేయలేకున్నను అంతే. ఇది చదివిన దినముననే తీసికొనిపోయి మూత్రమును, కాలేయమును, గుండెను పరీక్షింపజేయుము. ఆయాసమున్నచో క్షణమైనను ఆగవలదు. నీవు సరిగా పెట్టలేదని మాత్రము కుములకుము తల్లీ. ఇంతటి తగ్గుదలకు వంటయింటి లోపమే కారణమగుట అరుదు.

ప్రశ్న: సీరమునకు, ప్లాస్మాకు భేదమేమి? (గుంటూరు)

జవాబు: గడ్డకట్టించు ఫైబ్రినోజెన్ ప్లాస్మాలో నుండును, సీరములో నుండదు. పరీక్షలు దగ్గరపడినవి గాబోలు. పుస్తకము తెరువుము నాయనా.