సరస్సునకు అజీర్ణము

హైదరాబాదు నగరమున ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతములు ఎల్లప్పుడును జనసమ్మర్దముతో కిటకిటలాడుచుండును. నాంపల్లి రైలుస్టేషనులో దిగి, పబ్లిక్ గార్డెన్స్ ప్రక్కగా శాసనసభా భవనమును దాటి, సైఫాబాదు మీదుగా ఉత్తరమునకు నడచినచో కొంతసేపటికి విశాలమైన జలరాశి కానవచ్చును. అదియే హుస్సేన్ సాగరము. దాని నడుమ ఏకశిలా బుద్ధవిగ్రహము ప్రశాంతముగా నిలిచియున్నది. సాయంకాలమున దీపకాంతులు నీటిపై మెరయునప్పుడు ఆ దృశ్యము మిక్కిలి మనోహరము. కాని వేసవి ఉదయమున గట్టుచెంత నిలిచి నీటిని పరికించినవారికి వేరొక దృశ్యము గోచరించును. నీరు తేటగా నుండక చిక్కని పచ్చరంగు దాల్చియుండును. ఒక్కొక్కప్పుడు దుర్గంధము కూడ సోకును. ఇంత సుందరమైన సరస్సునకు ఈ వ్యాధి ఎట్లు సంక్రమించినది?

ఈ చెరువు 1562 ప్రాంతమున, ఇబ్రహీం కుతుబ్ షా పరిపాలనలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణమున నిర్మింపబడినది. అప్పటికి హైదరాబాదు నగరమే పుట్టలేదు. పిదప నగరము పెరిగి, ఈ నీటినే త్రాగి దాహము తీర్చుకొన్న కాలము కలదు. 1908లో మూసీనదికి ఘోరమైన వరద వచ్చెను. అటువంటి విపత్తు మరల కలుగకుండుటకును, నగరమునకు నీరు సమకూర్చుటకును 1920లో ఉస్మాన్ సాగరము, 1927లో హిమాయత్ సాగరము నిర్మింపబడెను. 1930 ప్రాంతమునకు హుస్సేన్ సాగరపు నీటిని త్రాగుట నిలిచిపోయెను. త్రాగునీటి బావిలో చెత్త వేయుటకు ఎవరును సాహసింపరు. పాడుపడిన బావిలో వేయుటకు ఎవరును సందేహింపరు. హుస్సేన్ సాగరమునకు పట్టిన గతియు ఇట్టిదే.

కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ అను నాలుగు నాలాలు ఈ సరస్సులో కలియును. పూర్వము అవి వాననీటిని మోసికొని వచ్చెడివి. పేటలు పెరిగినకొలది ఇండ్లలోని మురుగు వాటిలో చేరెను. కూకట్‌పల్లి నాలాలో పరిశ్రమల వ్యర్థజలము కూడ కలిసెను.

మురుగులో విషపదార్థములు మాత్రమే కాక ఆహారము కూడ కలదని చెప్పినచో మీరు ఆశ్చర్యపడుదురు. మలమూత్రములలోను, వంటింటి కడుగునీటిలోను, కొన్ని సబ్బుపొడులలోను నత్రజని, భాస్వరము ఉండును. రైతు పొలమునకు వేయు ఎరువులలోని సారము కూడ ఇదియే. పైరునకు బలమిచ్చు ఎరువు నీటిలోని సూక్ష్మమైన నాచుమొక్కలకును బలమిచ్చును. అవి కోట్లకొలది పెరిగి నీటిని పచ్చగా మార్చును. గుర్రపుడెక్క దట్టముగా అల్లుకొని నీటిని కప్పివేయును. అందుచే సూర్యకాంతి లోతునకు దిగదు. చచ్చిన నాచు అడుగునకు చేరి కుళ్లును. దానిని కుళ్లించు సూక్ష్మజీవులు నీటిలో కరిగియున్న ప్రాణవాయువును వాడుకొనును. పగలు నాచు కొంత ప్రాణవాయువును ఇచ్చును గాని రాత్రివేళ అదియు దానిని పీల్చుకొనును. కావున తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గిపోవును. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచి ఊపిరికై తపించుట అప్పుడే కాననగును. అది మరింత తగ్గినచో అవి చనిపోవును. ప్రాణవాయువు బొత్తిగా లేని అడుగుబురదనుండి కుళ్లిన గ్రుడ్ల వాసన గల వాయువు పుట్టును.

మనుష్యుడు మితము మీరి భుజించినచో అజీర్ణము కలుగును గదా! సరస్సు వ్యాధియు అట్టిదే. అది ఆకలిచే కృశించుట లేదు. అతిభోజనముచే ఊపిరాడక బాధపడుచున్నది.

ఈ సంగతిని 1973లో కెనడా దేశపు శాస్త్రజ్ఞులు ఒక చిన్న సరస్సులో కన్నులకు కట్టినట్లు నిరూపించిరి. వారు ఆ సరస్సును నడుమ తెరకట్టి రెండు భాగములు చేసిరి. రెండింటను కర్బనమును నత్రజనిని కలిపిరి. ఒక భాగమున మాత్రము భాస్వరము కూడ చేర్చిరి. భాస్వరము చేరిన భాగము పచ్చగా మారెను; రెండవ భాగము తేటగానే నిలిచెను.

ఈ వ్యాధికి చికిత్స కలదా? కలదు. అమెరికాలోని సియాటిల్ నగరము చెంత వాషింగ్టన్ సరస్సు కలదు. అందులో పరిసరపు పట్టణముల మురుగు చేరి నీరు కలకబారెను. నీటి తేటదనమును కొలచుటకు శాస్త్రజ్ఞులు ఒక తెల్లని పళ్లెమును త్రాటితో నీటిలోనికి దింపి, అది ఎంత లోతున కనుమరుగగునో చూచెదరు. 1963లో ఆ సరస్సున పళ్లెము సుమారు ఒక మీటరు లోతుననే మాయమయ్యెను. ఎడ్మండ్సన్ అను శాస్త్రజ్ఞుడు రాబోవు ముప్పును ముందుగనే తెలిపెను. ప్రజలు ఆ మాట ఆలకించి, ధనము వెచ్చించుటకు సమ్మతించిరి. 1963 మొదలు 1968 వరకు మురుగునంతయు సరస్సునుండి మళ్లించిరి. కొలది సంవత్సరములలోనే నీరు తేటపడెను.

హుస్సేన్ సాగరమునందును ఇటీవలి దశాబ్దములలో మురుగును మళ్లించుటకు, శుద్ధిచేయుటకు ఏర్పాట్లు జరిగినవి. పైనున్న చెత్తను, గుర్రపుడెక్కను తొలగించుచున్నారు. కాని ఈ సరస్సు లోతు తక్కువ. ఏండ్ల తరబడి అడుగుబురదలో పేరుకొన్న భాస్వరము మరల మరల నీటిలోనికి వచ్చుచుండును. కావున దీని ఆరోగ్యము త్వరగా చక్కబడదు. పైనాచును తీసివేయుట రోగి ముఖము తుడుచుట వంటిది. మురుగు సరస్సున చేరకుండ మొదటనే ఆపుటయే నిజమైన చికిత్స.

నాంపల్లికి చేరువనే మాసాబ్ ట్యాంక్ అను పేట కలదు. పేరులో చెరువున్నది; నేడు అచ్చట చెరువు లేదు. ఒకనాటి చెరువుచోట ఉద్యానవనము, రాజమార్గము, మేడలు వెలసినవి. చెరువు పోయినను పేరు మాత్రము మిగిలి మనలను హెచ్చరించుచున్నది. మనము త్రాగని నీరు కూడ మనదే. చేపలు, పక్షులు, నగరపు గాలి, భూగర్భజలము ఆ నీటిని ఆశ్రయించియున్నవి. హుస్సేన్ సాగరము రేపటివారికి పేరుగా మిగులవలెనా, నీరుగా మిగులవలెనా? విద్యార్థులారా, దీనికి సమాధానము మీ తరమువారు చెప్పవలసియున్నది.

ప్రశ్నలు

1. హుస్సేన్ సాగరపు నీటిని త్రాగుట మానిన పిదప ఆ సరస్సునకు కలిగిన హాని యెట్టిది?
2. పైరునకు మేలుచేయు ఎరువు సరస్సునకు ఎట్లు కీడు చేయును?
3. చేపలు తెల్లవారుజామున నీటిపైకి వచ్చుటకు కారణమేమి?
4. రెండు గాజుసీసాలలో చెరువునీరు పోసి, ఒకదానిలో చిటికెడు ఎరువు కలిపి, రెండింటిని వెలుతురున నుంచుము. రెండు వారములు పరిశీలించి, కనిపించిన మార్పులను వ్రాయుము.