వంటవాని చేతివ్రేళ్లు

పళ్లెములో వెండ్రుక యొకటి కనబడినంతనే మొదట నిందకు గురియగువాడు వంటవాడు. ఫాస్ట్ ఫుడ్ అంగడి వంటయింట కొంతకాలము పనిచేసిన మేము ఈ సంగతిని బాగుగా నెఱుగుదుము. నిందలన్నియు అబద్ధములని మేము చెప్పము; తొందరలో మూతవేయని పాత్రలను, కడుగని చేతులను మేమును చూచితిమి. ఐనను నింద వేఱు, విచారణ వేఱు. ఇందులకు అమెరికాదేశమున జరిగిన రెండు వృత్తాంతములను చదువరులకు వివరించెదము.

2005 మార్చిలో కాలిఫోర్నియాయందలి శాన్ హోసే నగరమున, వెండీస్ అను భోజనశాలలో ఒక స్త్రీ చిల్లీ తినుచుండెను. (చిల్లీ యనగా నిచ్చట మిరపకాయ కాదు, మాంసమును చిక్కుడుగింజలను కలిపి గంటలకొలది ఉడికించు కూర.) అందులో మనుష్యుని వ్రేలిముక్క వచ్చినదని ఆమె చెప్పెను. వార్త దేశమెల్ల వ్యాపించెను. విచారణ చేసినవారు అచ్చటి పనివారి చేతివ్రేళ్లను సయితము చూచిరి! ఎవరికిని ఒక్క వ్రేలైనను తక్కువ కాలేదు. ఐనను జనులు ఆ అంగళ్లకు పోవుట మానిరి. బేరములు పడిపోగా, ఏ తప్పును ఎఱుగని పనివారికి పనిగంటలు తగ్గెను.

ఆ వ్రేలు కూరతోపాటు గంటలకొలది ఉడికినది కాదని పరీక్షకులు కనిపెట్టిరి. నిజము తెలిపినవారికి లక్ష డాలర్లు ఇత్తుమని సంస్థవారు ప్రకటించిరి. తుదకు అది, ఆమె భర్తతో కలసి పనిచేయువాడొకడు పనిచోట ప్రమాదమున పోగొట్టుకొనిన వ్రేలని తేలెను. 2006 జనవరిలో ఆమెకు 9 సంవత్సరములును, భర్తకు 12 సంవత్సరములకు పైగాను చెరశిక్ష విధింపబడెను.

రెండవ వృత్తాంతమున మోసగాడెవడును లేడు. 1993 ఆరంభమున, ముఖ్యముగా వాషింగ్టన్ రాష్ట్రమున, జాక్ ఇన్ ది బాక్స్ అను అంగళ్ల హాంబర్గర్ల మూలమున 700 మందికి పైగా జబ్బుపడిరి. నలుగురు పిల్లలు మరణించిరి. ఆ మాంసమున వెండ్రుక లేదు, ఈగ లేదు. కంటికి కానరాని ఈ. కోలై అను సూక్ష్మజీవి మాత్రముండెను. మాంసము ముక్కగా నున్నప్పుడు ఈ జీవి పైభాగముననే యుండి పెనము వేడికి చచ్చును. కైమా కొట్టినప్పుడో, పైనున్నది లోపలికి చేరును. కావున కైమా ముద్ద నడిమిభాగము సయితము 71 డిగ్రీల సెంటిగ్రేడు వేడెక్కవలెను. వాషింగ్టన్ రాష్ట్రమువారు 68 డిగ్రీలైన నుండవలెనని విధించియుండగా, ఆ అంగళ్లలో అంతకంటె తక్కువ వేడితోనే సరిపుచ్చిరి. ఇట్టి జీవి గల పచ్చి కైమాను కల్తీసరకుగా నెంచుటకు అమెరికా ప్రభుత్వము 1994లో నిర్ణయించెను.

మా వంటయింటను పెనము ప్రక్కనే థర్మామీటరు వ్రేలాడుచుండెడిది. రద్దీవేళ దానిని గ్రుచ్చి చూచుచు నాలుగు క్షణములు నిలిచినచో మేనేజరు విసుగుకొనెడివాడు. ఒకనాడు పళ్లెములో వెండ్రుక వచ్చినదని ఒకరు కేకవేయగా, మమ్ముల నందఱను వరుసగా నిలువబెట్టి టోపీలు తీయించి పరీక్షించెను. థర్మామీటరు సంగతి ఆనాడును ఎవరును అడుగలేదు.