సి విటమిన్ లేపనం: నిలకడ, ప్రవేశం

పాఠ్యభాగ ఉద్దేశం: ఒక పదార్థం గుణవంతమైనదని తెలిస్తే చాలదు. అది చెడకుండా నిలవాలి, చేరవలసిన చోటికి చేరాలి. ఈ వివేచనను విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

మచిలీపట్నం, పెడన ప్రాంతాల కలంకారీ పనివారు నూలుబట్టపై నేరుగా రంగు వేయరు. ముందుగా బట్టను కరక్కాయ నీటిలో నానబెట్టి ఆరబెడతారు. పటికతో అచ్చు వేసిన చోట, తరువాత ఉడికించే రంగు పట్టుకొని ఎర్రగా నిలుస్తుంది. రంగు ఎంత శ్రేష్ఠమైనదైనా అది పోగులో ఇంకాలి, ఉతుకుకు నిలవాలి. చర్మంపై రాసే సి విటమిన్‌కూ ఈ రెండే పరీక్షలు.

సి విటమిన్ శాస్త్రనామం ఆస్కార్బిక్ ఆమ్లం. దీనిని 1928లో వేరుచేసిన హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జి 1937లో నోబెల్ బహుమతి పొందాడు. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ తయారీకి ఇది అవసరం. ఎండ వలన చర్మంలో పుట్టే ఫ్రీ రాడికల్స్‌ను ఇది శమింపజేస్తుంది. దివిసీమ పొలాలలో, సముద్రతీరంలో ఎండకు ఓర్చి శ్రమించే వారికి ఈ గుణం విలువైనదే.

అయితే ఈ ఆమ్లం చంచలమైనది. నీటిలో కరిగిన పిదప గాలి, వెలుతురు, వేడి సోకితే ఆక్సీకరణం చెంది, పసుపు రంగుకు, ఆపై గోధుమ రంగుకు మారి సత్తువ కోల్పోతుంది. రెండవ చిక్కు చర్మానిది. చర్మపు పైపొరలో మృతకణాల నడుమ, ఇటుకల మధ్య అడుసు వలె, కొవ్వు పదార్థం ఉంటుంది. విద్యుదావేశం గల కణాలను అది సులభంగా చొరనీయదు. ద్రావణంలో ఆమ్లత్వం అధికంగా ఉన్నప్పుడే ఈ విటమిన్ ఆవేశరహితంగా ఉంటుంది.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన షెల్డన్ పిన్నెల్ బృందం పంది చర్మంపై పరిశోధించి 2001లో ఫలితాలను ప్రకటించింది. పీహెచ్ 3.5 కంటె తక్కువగా ఉంటేనే విటమిన్ తగినంతగా లోపలికి చేరింది. గాఢత 20 శాతం వరకు పెరిగేకొద్దీ ప్రవేశం పెరిగి, ఆపైన తగ్గింది. నిలకడ గల మెగ్నీషియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ చర్మంలో విటమిన్‌ను పెంచలేకపోయింది. అంటే ఇంకేది నిలవదు, నిలిచేది ఇంకదు.

ఈ చిక్కుకు 2005లో ఆ బృందమే ఒక మార్గం చూపింది. 15 శాతం సి విటమిన్‌కు 1 శాతం ఇ విటమిన్, 0.5 శాతం ఫెరూలిక్ ఆమ్లం జోడించగా ద్రావణం నిలకడ పెరిగింది. ఎండ నుండి కలిగే రక్షణ 4 రెట్ల నుండి సుమారు 8 రెట్లకు చేరింది. ఫెరూలిక్ ఆమ్లానికి ఆ పేరు ఇంగువ మొక్క జాతి నుండి వచ్చింది. గుడివాడ రైసుమిల్లులలో వచ్చే తవుడులోనూ అది ఉంది. కాని అందులో చాలవరకు పీచుతో బంధితమై ఉంటుంది కనుక తవుడు పూసుకుంటే ఈ ఫలితం రాదు.

నిమ్మచెక్క ముఖాన రుద్దుకోవడం అంతకన్న పొరపాటు. 100 మిల్లీలీటర్ల నిమ్మరసంలో ఉండే సి విటమిన్ సుమారు 40 నుండి 50 మిల్లీగ్రాములు; అది 0.1 శాతమైనా కాదు. పైగా నిమ్మజాతి రసం అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలు, నల్లమచ్చలు ఏర్పడవచ్చు.

కనుక లేపనం కొనేవారు ముదురు రంగు సీసాను, బిగువైన మూతను, గాఢతను గమనించాలి. చల్లని చోట ఉంచాలి. గోధుమ రంగుకు మారితే పారవేయాలి. ఇది సన్‌స్క్రీన్‌కు తోడే కాని, దానికి బదులు కాదు. పేరును చూసి కాక, పనితీరును విచారించి స్వీకరించడమే వివేకం.

కఠిన పదాలకు అర్థాలు
లేపనం = పూత మందు
చంచలమైనది = నిలకడ లేనిది
శమింపజేయు = అణచు
పిదప = తరువాత

ప్రశ్నలు
1. కలంకారీ పనితో సి విటమిన్ లేపనాన్ని పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. 'ఇంకేది నిలవదు, నిలిచేది ఇంకదు' – ఈ చిక్కును శాస్త్రజ్ఞులు ఎలా పరిష్కరించారు?
3. నిమ్మరసం లేపనానికి బదులు ఎందుకు కాజాలదు?