సరకు మారినప్పుడు బార్‌కోడు సంఖ్య మార్చవలెనా?

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతముల సూపర్‌మార్కెట్లలో ఏ పచ్చడి సీసాను చేతికి తీసుకొన్నను, దానిపై నల్లని గీతలును, వాని క్రింద పదమూడు అంకెలును సాధారణముగా కనబడును. వీనినే బార్‌కోడు అందురు. మన మహిళా సంఘముల సరకు అట్టి అంగళ్లకు చేరవలెనన్న ఈ సంఖ్య కావలసియుండును. సంఖ్యను ఒకసారి పొందినచో పని ముగిసినదని పెక్కుమంది తలంతురు. కాని సరకులో మార్పు వచ్చినప్పుడు సంఖ్యను కూడ మార్చవలసిన సందర్భములు కలవు. పంచాయతీ సభ్యులు తమ సంఘములకు తెలుపుటకై వానిని ఇచ్చట వివరించుచున్నాము.

మన దేశమున ఈ సంఖ్యలను 1996లో ఏర్పడిన జి.ఎస్.1 ఇండియా సంస్థ కేటాయించుచున్నది. అవి 890తో మొదలగును. 890 ఉన్నంతమాత్రమున సరకు భారతదేశములో తయారైనదని అనుకొనరాదు. సంఖ్య ఇక్కడి సంస్థ ద్వారా పొందబడినదని మాత్రమే దాని అర్థము. అంగడి సీసాల గీతలలో ధర గాని, బరువు గాని ఉండదు. దుకాణపు కంప్యూటరు సంఖ్యను చూచి, తనలో వ్రాసియున్న పేరును, బరువును, వెలను తెలుపును. ఊరిలో ఇద్దరు వెంకయ్యలకు ఒకే రేషను కార్డు సంఖ్య ఇచ్చినచో ఎంత చిక్కో, రెండు సరకులకు ఒకే సంఖ్య ఉన్నను అంతే చిక్కు.

అరకిలో సీసాను 450 గ్రాములకు తగ్గించిరనుకొందము. ముద్రించిన నికర బరువు మారినది గనుక క్రొత్త సంఖ్య తప్పదు. తగ్గుదల ఎంత స్వల్పమైనను ఇదే నియమము. లేనిచో దుకాణమువారి లెక్కలో రెండు బరువులును ఒకటే యగును. కొనువాడు తాను మోసపోతినని భావించును, మాట సంఘమునకు వచ్చును.

ఇంతకన్న ముఖ్యమైనది దినుసుల మార్పు. ఆవకాయలో నువ్వులనూనెకు మారుగా వేరుసెనగనూనె పోసి, పట్టీపై ఆ మేరకు దినుసులు మార్చినచో అది వేరు సరకే. వేరుసెనగ ఒంటికి పడనివారు కలరు. కొందరికి అది ప్రాణాపాయము కూడ. ఏదేని ఫిర్యాదు వచ్చి ఆ సీసాలను వెనుకకు రప్పింపవలసినప్పుడు, పాతవి, క్రొత్తవి ఒకే సంఖ్యతో ఉన్నచో దుకాణదారు తన కంప్యూటరులో దేనిని ఆపగలడు?

సరకు ప్రధానమైన పేరు మారినను, సీసా కొలతలు గాని మొత్తము బరువు గాని అయిదవ వంతు, అంతకు మించి మారినను క్రొత్త సంఖ్య కావలెను. అట్టపెట్టెలో పన్నెండు సీసాలకు బదులు పదునారు పెట్టినచో పెట్టె సంఖ్య మాత్రమే మారును, సీసాది మారదు. పట్టీ రంగు మార్చినంతమాత్రమున సంఖ్య మార్చనక్కరలేదు. ఈ ఏటి మామిడికాయతో పెట్టిన పచ్చడికి కూడ క్రొత్త సంఖ్య అనవసరము. దానికి బ్యాచి సంఖ్య కలదు గదా!

అశోక్‌నగరులో పోటీ పరీక్షలకు చదువు విద్యార్థులకు ఈ తేడా మరియొక రూపమున తెలియును. పుస్తకముల వెనుక 978తో మొదలగు సంఖ్య ఐ.ఎస్.బి.ఎన్. విషయమును గణనీయముగా సవరించి క్రొత్త కూర్పు వేసినచో క్రొత్త సంఖ్య ఇత్తురు. మార్పులేని పునర్ముద్రణకు పాత సంఖ్యయే చెల్లును. గ్రామ గ్రంథాలయమునకు పుస్తకములు తెప్పించునప్పుడు పేరుతోపాటు ఈ సంఖ్యను కూడ వ్రాసినచో పాత కూర్పు వచ్చిపడదు.

సరకు మానివేసినను దాని సంఖ్యను వేరొక సరకునకు ఇయ్యరాదు. 2018 డిసెంబరు 31 నుండి ఇది అంతర్జాతీయ నియమము. కావున సంఘమువారు ఒక పుస్తకములో సంఖ్య, సరకు పేరు, బరువు, దినుసులు, మొదలిడిన తేది, మానిన తేది వ్రాసియుంచవలెను. క్రొత్త సీసాలు పంపుటకు ముందే వాని సంఖ్యను దుకాణమునకు తెలుపవలెను. పాత సీసాలు ఉన్నంతవరకు అవి పాత సంఖ్యతోనే అమ్ముడుపోవును. వానిపై క్రొత్త పట్టీ అంటింపరాదు.