యంత్రాలకు వైద్యుడు

1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. నాటినుండి హైటెక్ సిటీ అనగానే కంప్యూటరు ముందు కూర్చున్న యువతీయువకులే మనకు స్ఫురిస్తారు. కాని అక్కడే నివసిస్తూ, కార్యాలయంలో కంటె రాత్రి బస్సులలోనే ఎక్కువగా గడిపే ఉద్యోగులూ ఉన్నారు. వారే ఫీల్డ్ సర్వీస్ ఇంజనీర్లు.

ఎం.ఆర్.ఐ. యంత్రాలను బాగుచేసే ఇంజనీరునే తీసుకుందాం. సాధారణంగా ఆ యంత్రంలోని అయస్కాంతపు తీగచుట్టలు సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవ హీలియంలో మునిగి ఉంటాయి. ఏ జిల్లా కేంద్రంలోనో అర్ధరాత్రివేళ చిల్లర్ ఆగిపోతే శీతలీకరణ నిలిచి, హీలియం క్రమంగా ఆవిరి కాసాగుతుంది. అది మితిమీరితే అయస్కాంత శక్తియే నశిస్తుంది. హీలియం మన దేశానికి దిగుమతి కావలసిన సరుకు. తిరిగి నింపడం బహువ్యయంతో కూడిన పని. అందుకే కబురందిన మరుక్షణమే అతడు సంచి సర్దుకుంటాడు.

గదిలో అడుగిడే ముందు గడియారం, తాళంచెవులు, సెల్‌ఫోను బయటనే విడిచిపెట్టాలి. కరెంటు పోయినా ఆ అయస్కాంతం నిద్రపోదు. ఇనుప పానాను చేతిలోనుండి లాగివేయగలదు. అతని పనిముట్లు దానికి లొంగని లోహంతో చేసినవి. వెలుపల బల్లలమీద రోగుల బంధువులు, “ఇంకెంతసేపు పడుతుంది బాబూ?” అని అడుగుతుంటారు. పంపు తిరిగి ఆడి, పీడనమాపకపు ముల్లు క్రిందికి దిగేదాకా అతడు బదులు చెప్పడు.