ఇల్లు గట్టిదే, ఉండిపోవచ్చా?

ప్రశ్న: మేం ఫ్లోరిడాలోని టాంపాలో సముద్రానికి దగ్గరగా ఉంటాం. పెద్ద హరికేన్ వస్తోందంటున్నారు. కిటికీలకు టేపు అంటించి ఇంట్లోనే ఉండొచ్చా?

జవాబు: టేపు అద్దాన్ని కాపాడదండీ, పగిలినప్పుడు పెద్ద పెద్ద పెంకులుగా ఊడిపడేలా చేస్తుందంతే. షట్టర్లు లేకపోతే ప్లైవుడ్ బిగించండి. అయితే గాలికన్నా ఉప్పెనకే ఎక్కువ భయపడాలి. 2022లో ఇయన్ హరికేన్ వచ్చినప్పుడు ఫోర్ట్ మయర్స్ బీచ్‌లో ఇళ్లకు ఇళ్లే కొట్టుకుపోయాయి.

మీ ఇల్లు ఏ తరలింపు జోన్‌లో ఉందో ఇప్పుడే కౌంటీ మ్యాపులో చూసుకోండి. వందల మైళ్లు పోనక్కర్లేదు; ఉప్పెన జోన్ దాటి, మెరకలో ఉన్న గట్టి ఇల్లు చాలు. కారులో నిండా పెట్రోలు, మనిషికి రోజుకో గ్యాలన్ చొప్పున నీళ్లు, మందులు, తడవని సంచిలో పాస్‌పోర్టులు సిద్ధంగా ఉంచుకోండి. తిరిగొచ్చాక జనరేటర్‌ను ఇంట్లో గానీ గరాజ్‌లో గానీ నడపకండి; దాని పొగలోని విషవాయువుకు వాసనే ఉండదు. మీ జోన్‌కు తరలింపు ఆదేశం వస్తే మాత్రం ఇంకేం ఆలోచించకుండా బయల్దేరండి.